గోదావరి గోదావరిని దాటే చోట



ఒక ప్రశ్న అడుగుతాను. ఒక్క క్షణం ఆలోచించండి. నదిని మనుషులు దాటడం చూశాం. బండ్లు, బస్సులు, రైళ్లు దాటడం చూశాం. మరి నదిని నీళ్లు దాటడం ఎప్పుడైనా చూశారా?

కింద ఏరు పారుతూ ఉంటుంది. దాని మీదుగా, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు, ఒక కాలువ పారుతూ ఉంటుంది. కింది నీళ్లది ఒక దారి, పై నీళ్లది ఇంకో దారి. ఒకదాన్నొకటి తాకవు. ఇందులో మరీ విశేషం ఏమిటంటే, కింద పారేదీ గోదావరే, పైన పారేదీ గోదావరే. ఒకే నది రెండుగా చీలి, తనను తానే దాటుతుంది. గోదావరి గోదావరిని దాటుతుంది.

ఆ చోటు కోనసీమలో ఉంది. ఊరి పేరు పి. గన్నవరం. విజయవాడ దగ్గర విమానాలు దిగే గన్నవరం కాదండీ, అది వేరు. ఇది వైనతేయ గోదావరి ఒడ్డున ఉన్న గన్నవరం. లంకల గన్నవరం అని కూడా పిలుస్తారు. అక్కడున్న కట్టడాన్ని అందరూ అక్విడక్టు అనే అంటారు. చదువుకున్నవాళ్లూ అలాగే అంటారు, చదువుకోనివాళ్లూ అలాగే అంటారు.

నేను ఉండేది హైదరాబాదులో, జీడిమెట్లలో. పారిశ్రామికవాడ. ఇక్కడి షెడ్లలో, మందుల కంపెనీల్లో, షాపూర్‌నగర్, చింతల్ గల్లీల్లోని అద్దె ఇళ్లలో కోనసీమవాళ్లు చాలామంది ఉన్నారు. సంక్రాంతి ముందు ఎవరిని కదిపినా ఊరి కబురే. రాత్రి బస్సెక్కి, తెల్లవారేసరికి గోదావరి జిల్లాలో కళ్లు తెరుస్తారు. రాజోలు వైపు ఊళ్లవాళ్లకు ఒకప్పుడు అక్విడక్టే పెద్ద దారి. ఇప్పుడు బోడసకుర్రు దగ్గర వైనతేయ మీద వంతెన వచ్చింది, చాలా బళ్లు అటే పోతున్నాయి. అక్విడక్టు మీదుగా పోయే బస్సులో కూర్చున్నా, ఎంతసేపు? కిటికీలోంచి ఇటు కొబ్బరిచెట్లు, అటు కొబ్బరిచెట్లు. మధ్యలో కాస్త వెలుతురు, కాస్త గాలి. అంతే, దాటేశాం. కింద నది ఉందని తెలుస్తుంది. పక్కన ఉన్నది నది మీదుగా నడుస్తున్న కాలువ అని చాలామందికి తట్టదు.

అందుకే ఈవేళ నేను మీకు చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆ కట్టడాన్ని బస్సులోంచి చూడకండి. నడిచి చూడండి. లేదా సైకిల్ మీద వెళ్లి చూడండి. కాలువ నడిచే వేగంతో మనమూ నడిస్తేనే అది అర్థమవుతుంది.

ఎందుకంటే అక్కడ చూడవలసింది కమానులు మాత్రమే కాదు. చూడవలసింది వాలు. నీరు పల్లమెరుగు అంటారు పెద్దలు. కాలువకు మోటారు లేదు, పంపు లేదు, కరెంటు లేదు. ఉన్నదల్లా వాలు. ఆ వాలు ఎంత తక్కువంటే, కంటికి కనిపించదు. సైకిల్ తొక్కితే కాళ్లకు కూడా తెలియదు. ఎక్కినట్టూ ఉండదు, దిగినట్టూ ఉండదు. కాలువ గట్టు మీద ఎంతసేపు పోయినా నేల సమంగానే ఉన్నట్టుంటుంది. కానీ పక్కన నీళ్లు మాత్రం ఆగకుండా ముందుకు పోతూనే ఉంటాయి. ఆ రహస్యం అంతా వాలులోనే ఉంది.

కొంచెం వివరంగా చెబుతాను. రాజమహేంద్రవరం దిగువన ధవళేశ్వరం ఉంది. అక్కడ గోదావరికి అడ్డంగా ఆనకట్ట కట్టారు. 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తి చేశారు. ఇప్పుడు దాని స్థానంలో పెద్ద బ్యారేజీ ఉంది. ఆనకట్ట చేసే పని ఏమిటి? నది నీటిమట్టాన్ని పైకి లేపడం. లేపిన నీటిని పక్కనుంచి కాలువల్లోకి మళ్లించడం. ధవళేశ్వరం దాటాక గోదావరి రెండు పెద్ద పాయలవుతుంది. తూర్పున గౌతమి, పడమట వసిష్ఠ. ఆ రెంటి మధ్య ఉన్నదే కోనసీమ. కోనసీమకు నీళ్లిచ్చే పెద్ద కాలువ బొబ్బర్లంక దగ్గర బయల్దేరి, ఆత్రేయపురం పక్కన లొల్ల లాకుల దగ్గరికి వస్తుంది. అక్కడ చీలుతుంది. ఆ చీలికల్లో ఒకటి గన్నవరం కాలువ.

ఇప్పుడు గమనించండి. నది తన దారిన తాను కిందికి దిగిపోతూ ఉంటుంది. సముద్రం దగ్గరపడే కొద్దీ నది మట్టం తగ్గిపోతుంది. కాలువ అలా కాదు. దాన్ని మనుషులు తవ్వారు, అతి కొద్ది వాలుతో తవ్వారు. కాబట్టి అది నది కంటే నిదానంగా దిగుతుంది. ధవళేశ్వరం దగ్గర కలిసి ఉన్న నీళ్లే, గన్నవరం చేరేసరికి ఒకటి పైన, ఒకటి కింద అయ్యాయి. మళ్లీ చెబుతున్నాను. నది తొందరగా దిగింది. కాలువ నిదానంగా దిగింది. ఆ తేడాయే అక్విడక్టుకు ప్రాణం.

గన్నవరం దగ్గర వసిష్ఠ నుంచి ఇంకో పాయ చీలుతుంది. అదే వైనతేయ. వైనతేయకు అవతల, వసిష్ఠకు ఇవతల, దిగువన సముద్రం. మూడు వైపులా నీళ్లున్న ఆ నేలను నగరం లంక అనేవాళ్లు. మామిడికుదురు, రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, అంతర్వేది దాకా ఉన్న ప్రాంతం అది. చుట్టూ నీళ్లే, కానీ పొలానికి నీళ్లు లేవు. వరదొస్తే మునక, వరద తీస్తే వానకోసం ఎదురుచూపు. కాలువ వైనతేయ ఇవతలి ఒడ్డు దాకా వచ్చి ఆగిపోతే ఆ లంకకు ఏం లాభం? కాలువను నదిలో కలిపేస్తే నీళ్లు సముద్రం పాలు. అవతలి ఒడ్డున మళ్లీ పైకి తోడాలి. ఆ రోజుల్లో అంత నీరు తోడే సాధనం ఎక్కడిది?

ఉన్న దారి ఒక్కటే. కాలువనే నది మీదుగా నడిపించాలి. మన పెంకుటిళ్ల చూరు కింద వానాకాలంలో వెదురు దోనె కడతాం చూడండి, చూరు నీళ్లు వాకిట్లో పడిపోకుండా నేరుగా గాబులోకి చేరడానికి. అక్విడక్టు చేసే పని కూడా అదే. దోనె కింద వాకిలి ఉంటుంది, ఇక్కడ కింద ఒక నది ఉంది.

ఆ పని 1851లో మొదలై 1852లో ముగిసింది. డెల్టా పనులన్నిటికీ పెద్ద ఆర్థర్ కాటన్. ఈ అక్విడక్టు పని దగ్గరుండి నడిపింది ఆయన కింద పనిచేసిన హేగ్ అనే యువ ఇంజినీరు. మొత్తం 49 కమానులు. ఒక్కో కమాను వెడల్పు 40 అడుగులు. ఈ చివర నుంచి ఆ చివరకు 2,200 అడుగులకు పైమాటే. అంకెలు ఇంతటితో చాలు. ఒక్క 49 మాత్రం గుర్తుంచుకోండి, అక్కడికి వెళ్లాక దానితో పనుంది.

నదిలో పని అంటే ఎప్పుడు పడితే అప్పుడు కుదిరేది కాదు. గోదావరి వరద ఆషాఢంలో మొదలవుతుంది. అది తగ్గి, ఇసుక తేలే దాకా ఆగాలి. మళ్లీ వరద వచ్చేలోపు స్తంభాలు లేవాలి, కమానులు కలవాలి. సగంలో ఉన్న కమానును వరద మిగల్చదు. అంటే చేతిలో ఉన్నది ఒక్క ఎండాకాలం. ఆ ఎండలో, ఆ ఇసుకలో, ఎన్ని వందల మంది తట్టలు మోశారో, ఎన్ని ఎద్దులు గానుగ చుట్టూ తిరిగి సున్నం నూరాయో ఊహించుకోండి. అప్పటికి మన దగ్గర సిమెంటు లేదు. గానుగ సున్నమే. ఆ కట్టుబడి గోదావరికి తట్టుకుంది. 1953 వరద చూసింది. 1986 వరద చూసింది. కోనసీమలో పెద్దవాళ్లు ఎనభై ఆరు వరద అంటారు, ఇప్పటికీ ఆ మాట అనేటప్పుడు గొంతు మారుతుంది. 2006 చూసింది, మొన్న 2022 చూసింది. ఆ పాత కట్టడం ఇంకా నిలబడే ఉంది.

ఒక మాట ఇక్కడ చెప్పకుండా ఉండలేను. కాటన్ దొరను గోదావరి జిల్లాలవాళ్లు దేవుడిలా కొలుస్తారు. ఊరూరా విగ్రహం ఉంటుంది. అందులో తప్పేమీ లేదు. ఆయన అర్హుడు. కానీ ఆయనే ఒప్పుకున్న విషయం ఒకటుంది. అంతులేని ఇసుకలో పునాది ఎలా నిలబెట్టాలో తాము నేర్చుకున్నది కావేరి మీద కల్లణై కట్టిన ఆ పాతకాలపు మనుషుల పనిని చూసేనని ఆయన రాశాడు. ఇసుకలో నూతులు దించి, వాటి మీద కట్టడం లేపే పద్ధతి ఈ నేలదే. ధవళేశ్వరంలో కాటన్‌కు కుడిభుజంగా నిలిచింది వీణం వీరన్న. వేలమంది కూలీలను సమకూర్చి, వాళ్ల మంచిచెడ్డలు చూసుకుంటూ పని నడిపించిన మనిషి. రాయ్ బహదూర్ బిరుదు ఇచ్చారు ఆయనకు. కాటన్ పేరు పలికిన ప్రతిసారీ వీరన్న పేరు కూడా పలకాలని నాకు గట్టిగా అనిపిస్తుంది. మీ పిల్లలకు చెప్పేటప్పుడు రెండు పేర్లూ కలిపి చెప్పండి.

సరే, ఇప్పుడు ప్రయాణం సంగతి.

హైదరాబాదు నుంచి అమలాపురానికి రాత్రి బస్సులున్నాయి. మన కూకట్‌పల్లి, మియాపూర్ వైపు నుంచే ఎక్కవచ్చు. అమలాపురానికి రైలు లేదు. రైలే కావాలంటే రాజమహేంద్రవరంలో దిగి, అక్కణ్ణుంచి బస్సు పట్టుకోవాలి. సొంత సైకిల్ తీసుకెళ్లాలనుకునేవాళ్లు రైల్లో సామాన్ల పెట్టెలో బుక్ చేసుకోవచ్చు. అంత శ్రమ ఎందుకనుకుంటే, కోనసీమలో చుట్టాలున్నవాళ్లకు సైకిల్ దొరకడం కష్టం కాదు. గేర్లు అక్కర్లేదు. నేలంతా సమమే అని ఇందాకే చెప్పాను కదా.

అమలాపురంలో తెల్లవారగానే బయల్దేరండి. అంబాజీపేట మీదుగా గన్నవరం. నిదానంగా తొక్కినా రెండు గంటలకు మించదు. అంబాజీపేట అంటే కొబ్బరి మార్కెట్టు. రోడ్డు పక్క కాయల రాశులు, ఒలిచిన డొక్కల గుట్టలు, ఎండుతున్న పీచు. దింపు కార్మికులు తెల్లారకముందే తోటల్లో ఉంటారు. అక్కడ ఆగి పొట్టిక్కలు తినండి. పనసాకులు బుట్టలా కుట్టి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. ఆకు వాసన పిండికి పడుతుంది. నేను దీన్ని సైకిల్ యాత్రలో విడదీయరాని భాగంగానే చెబుతున్నాను.

ఇంకాస్త ఓపిక ఉన్నవాళ్లకు ఇంకో దారి చెబుతాను. నాకు ఇష్టమైన దారి అదే. అమలాపురం నుంచి కాక, లొల్ల లాకుల దగ్గర మొదలుపెట్టండి. నీళ్లు ఎక్కడ చీలాయో అక్కణ్ణుంచి, ఆ నీళ్లతోనే కలిసి రండి. లొల్ల లాకులు సినిమాల్లో మీరు చాలాసార్లు చూసే ఉంటారు, పేరు తెలియకపోవచ్చు. లాకుల తలుపులు ఎత్తడం, దించడం లస్కర్లు చూసుకుంటారు. వాళ్లను మర్యాదగా పలకరించండి. ఏ కాలువ ఎటు పోతుందో చేత్తో చూపిస్తారు. గన్నవరం కాలువ ఏదో తెలుసుకుని దాన్ని పట్టుకోండి. గట్టు మీద దారి కొన్నిచోట్ల తారురోడ్డు, కొన్నిచోట్ల మట్టి. కొన్నిచోట్ల గట్టు వదిలి ఊళ్లోంచి పోయి మళ్లీ కాలువను కలుసుకోవాలి. దారి తప్పుతామేమో అన్న భయం అక్కర్లేదు. గన్నవరం కాలువ ఎటండీ అని అడిగితే చిన్నపిల్లలు కూడా చెబుతారు.

అలా వస్తుంటే ఒక సంగతి మీకే తెలుస్తుంది. మొదట్లో కాలువ నేలలోపల ఉంటుంది, గట్టు మీంచి కిందికి చూడాలి. గన్నవరం దగ్గరపడేసరికి నది కిందికి పోయింది, కాలువ పైన మిగిలింది. ఎక్కడ మారిందో వేలు పెట్టి చూపించలేరు. మీరు దానితో కలిసి వచ్చారు కాబట్టి మీ ఒంటికి తెలుస్తుంది. బస్సులో వచ్చినవాడికి ఈ సంగతి తెలిసే అవకాశమే లేదు.

గన్నవరం చేరాక నాదొక మనవి. వెంటనే అక్విడక్టు మీదికి వెళ్లకండి. ముందు కిందికి దిగండి. నది ఒడ్డుకు వెళ్లండి. మీది నుంచి చూస్తే రోడ్డు, కాలువ, అంతే. కింది నుంచి చూస్తేనే కమానులు కనిపిస్తాయి. వరుసగా, ఒకదాని పక్కన ఒకటి, అవతలి ఒడ్డు దాకా. ఇప్పుడు ఇందాకటి అంకె గుర్తు చేసుకోండి. 49. పిల్లలుంటే వాళ్ల చేత లెక్కపెట్టించండి. మధ్యలో లెక్క తప్పుతారు, మళ్లీ మొదలుపెడతారు. తప్పనివ్వండి. ఆ లెక్కపెట్టడంలోనే ఒక్కో కమానును ఒక్కోటిగా చూస్తారు. ఇసుక తేలిన కాలంలో వెళ్తే, దగ్గరికెళ్లి స్తంభం మీద చెయ్యి వేసి చూడండి. వరద ఎటునుంచి తోస్తుందో, దానికి ఎదురుగా స్తంభం ఎలా నిలబడిందో చూడండి.

అక్కడ మీకు రెండు కట్టడాలు కనిపిస్తాయి. ఒకటి పాతది, కాటన్ నాటిది. రెండోది దాని పక్కనే కొత్తది, 2000 సంవత్సరంలో వచ్చింది. నూట నలభై ఎనిమిదేళ్ల వయసు మీదపడ్డ పాతదాని బరువు కొత్తది అందుకుంది. కొత్తదానికి డొక్కా సీతమ్మ అక్విడక్టు అని పేరు పెట్టారు. పేర్లు పెట్టడంలో ఇంత సరైన నిర్ణయం అరుదుగా జరుగుతుందని నా అభిప్రాయం.

సీతమ్మగారు 1841లో మండపేటలో పుట్టారు. పాత అక్విడక్టు కడుతున్నప్పుడు ఆమె పదేళ్ల పిల్ల. తర్వాత డొక్కా జోగన్నగారి ఇల్లాలుగా లంకల గన్నవరం వచ్చారు. ఆ ఊరు పాయల మధ్య దారి. అంతర్వేది తీర్థానికి పోయేవాళ్లు, పెళ్లిళ్లకు పోయేవాళ్లు, కూలికి పోయేవాళ్లు, అందరూ అటు మీదుగానే. వేళకాని వేళ వచ్చినా సీతమ్మగారింట్లో అన్నం దొరికేది. కులం అడగలేదు, వేళ చూడలేదు. వరదల్లో లంకల్లో చిక్కుకున్నవాళ్లకు కూడా అన్నం పంపిన తల్లి అని చెప్పుకుంటారు. ఆమె కీర్తి ఇంగ్లండు దాకా వెళ్లింది. ఏడో ఎడ్వర్డు పట్టాభిషేకానికి పిలుపు వస్తే, ఇక్కడ అన్నానికి వచ్చేవాళ్లను వదిలి రానన్నారట. ఆమె ఫోటో తెప్పించుకున్నారని ఇప్పటికీ అక్కడ కథగా చెబుతారు. 1909లో కన్నుమూశారు. ఆకలితో వచ్చినవాళ్లకు అన్నం పెట్టిన మనిషి పేరు, పొలానికి నీళ్లు మోసే కట్టడానికి పెట్టారు. గన్నవరం వెళ్లినవాళ్లు ఆ పేరు ఎవరిదో తెలుసుకుని రావాలి.

ఇప్పుడు మీదికి ఎక్కండి. సైకిల్ దిగి, తోసుకుంటూ నడవండి. బళ్లు వస్తూ పోతూ ఉంటాయి, అంచున జాగ్రత్తగా ఉండండి. పిల్లల చెయ్యి వదలకండి. మధ్యకు వచ్చాక ఆగండి. ఒక పక్క కాలువ వంక చూడండి. నీళ్లు రాజోలు వైపు పోతున్నాయి. ఇంకో పక్క వైనతేయ వంక చూడండి. నీళ్లు సముద్రం వైపు పోతున్నాయి. ఈ రెండూ ధవళేశ్వరం దగ్గర ఒకే నీళ్లు. పైవి పొలానికి పోతున్నాయి, కిందివి కడలికి పోతున్నాయి. గోదావరి గోదావరిని దాటుతున్నది సరిగ్గా మీ కాళ్ల దగ్గర.

జీడిమెట్లలో కూర్చుని ఇదంతా నాకెందుకు అని ఎవరైనా అనుకుంటే వాళ్లకొక మాట. మన కుళాయిల్లోకి కూడా గోదావరే వస్తోంది. 2015 నుంచి ఎల్లంపల్లి దగ్గర గోదావరి నీళ్లు తోడి, పెద్ద పెద్ద గొట్టాల్లో నగరం ఉత్తరం వైపుకు తెస్తున్నారు. నూట ఎనభై కిలోమీటర్లకు పైగా ప్రయాణం. మూడు వందల మీటర్లకు మించిన ఎత్తు. ఆ ఎత్తంతా మోటార్లే ఎక్కించాలి. రాత్రీ పగలూ కరెంటు ఖర్చు. మన నగరం గుట్టల మీద ఉంది, నది కింద ఉంది, వేరే దారి లేదు. అదీ గొప్ప పనే, కాదనను. కానీ జీడిమెట్లలో బిందె నింపుకునే మనిషి ఒక్కసారి గన్నవరం వెళ్లి, ఒక్క మోటారు లేకుండా అంత నీరు నదిని దాటడం చూస్తే, తన బిందెలో నీళ్ల విలువ ఇంకోలా తెలుస్తుంది. నాకు అలాగే తెలిసింది.

ఆ మాటకొస్తే, వాలు మీద నడిచే నీళ్లు మన నగరంలోనూ ఉన్నాయి. 1908లో మూసీకి ఘోరమైన వరద వచ్చింది. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహా మీద కట్టిన చెరువే ఉస్మాన్‌సాగర్, మన గండిపేట. 1920లో పూర్తయింది. అక్కడి నుంచి ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్ల దాకా నీళ్లు మూసిన కాలువలో, వాలు మీదే, వాటంతట అవే వచ్చేలా కట్టారు. కోకాపేట, నార్సింగి, మణికొండ వైపు ఈరోజు అద్దాల మేడలు లేచిన నేలలోనే ఆ నీటిదారి ఉంది. అక్కడి ఆఫీసుల్లో పనిచేసే పిల్లలు ఎంతమందికి ఈ సంగతి తెలుసు? ఆదివారం తెల్లవారుజామున గండిపేటకు సైకిళ్లు తొక్కుతున్న యువతను చూస్తే నాకు చాలా సంతోషం. ఈసారి వెళ్లినప్పుడు కట్ట మీద ఫోటో దిగి వచ్చేయకుండా, ఈ నీళ్లు ఊళ్లోకి ఎలా వెళ్తున్నాయి అని ఒక్కసారి అడగండి. తాగే నీటి దారి కాబట్టి దాని మీద ఎక్కకూడదు, తొక్కకూడదు. దూరం నుంచే చూడండి. దాన్ని పగలగొట్టేవాళ్లు, దాని పక్కన చెత్త పోసేవాళ్లు కనిపిస్తే ఊరుకోకండి, జలమండలికి చెప్పండి.

బయటి దేశాల్లో ఇలాంటి కట్టడాలను ఎలా చూసుకుంటారో ఒక్క ఉదాహరణ చెబుతాను. వేల్స్‌లో పొంట్‌కసిల్తే అనే అక్విడక్టు ఉంది. 1805లో తెరిచారు. లోయ మీదుగా ఇనుప దోనెలో కాలువ పోతుంది, పక్కన మనుషులు నడిచే దారి ఉంది. 2009లో దానికి యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. ఎక్కడెక్కడి నుంచో వచ్చి జనం దాని మీద నడుస్తారు. మన దేశంలోనే రూర్కీ దగ్గర గంగా కాలువ సోలానీ నదిని దాటుతుంది. ఆ కాలువను 1854లో తెరిచారు. దేశమంతా గొప్పగా చెప్పుకునే ఆ కట్టడం కంటే మన గన్నవరం రెండేళ్లు పెద్దది. అయినా గన్నవరం చూడ్డానికని ఇల్లు కదిలేవాళ్లు ఎంతమంది? పాత కమానుల సందుల్లో మొలిచే రావిమొక్కలను ఎప్పటికప్పుడు పీకించాలి. వేళ్లు లోపలికి పోతే ఏ గానుగ సున్నమూ ఆగదు. పాతది నీళ్లు మోయకపోయినా, అది నిలబడి ఉండటం మనకు అవసరం. ఈ కోరిక అధికారులకు వినిపించాలంటే, ముందు చూడ్డానికి వెళ్లే జనం ఉండాలి. నడిచి వెళ్లేవాళ్లు, సైకిళ్ల మీద వెళ్లేవాళ్లు, ఆగి లెక్కపెట్టేవాళ్లు ఉండాలి.

ఎప్పుడు వెళ్లాలి? కార్తీకం నుంచి మాఘం దాకా మంచి కాలం. ఎండ తక్కువ, నది నెమ్మదిగా ఉంటుంది, దాళ్వా పంటకు కాలువలో నీళ్లుంటాయి. వేసవి మధ్యలో మరమ్మతులకని కాలువలు కట్టేస్తారు, అప్పుడు వెళ్తే ఎండిన కాలువే కనిపిస్తుంది. శ్రావణ భాద్రపదాల్లో వరద హెచ్చరిక ఉంటే అసలు వెళ్లొద్దు. చూసి వద్దామన్న సరదా వద్దు, వైనతేయతో ఆటలొద్దు. ఏ కాలంలోనైనా కాలువలో దిగి ఈదకండి. పైకి నిదానంగా కనిపించినా లోపల నీరు బలంగా లాగుతుంది.

ఇక చివరిగా ఒక్క మాట. చాలామంది అక్విడక్టు మధ్యదాకా నడిచి, చూశామనుకుని వెనక్కి తిరుగుతారు. మీరు తిరగకండి. అవతలి ఒడ్డుకు వెళ్లండి. కాలువ వెంట ఇంకా ముందుకు వెళ్లండి. కాలువ చిన్న కాలువలవుతుంది, చిన్న కాలువలు బోదెలవుతాయి, బోదె పొలం గట్టు దాకా వెళ్తుంది. సముద్రం వైపు ఉన్న శివారు భూముల దాకా వీలైతే వెళ్లండి. అక్కడ గట్టు మీద కనిపించిన రైతును పలకరించండి. ఏమండీ, కాలువ నీళ్లు మీ దాకా వస్తున్నాయా, వంతుకు ఎన్నాళ్లకు వస్తున్నాయి అని అడగండి. ఆయ్ అని మొదలుపెట్టి ఆయన చెప్పే జవాబు ఓపిగ్గా వినండి. పైన ఎవరు ఎక్కువ వాడుకుంటున్నారో, ఎక్కడ గుర్రపుడెక్క అడ్డుపడిందో, ఎక్కడ పూడిక తియ్యలేదో, ఏ ఏడు పంట ఎండిందో అంతా చెబుతాడు. ధవళేశ్వరంలో బయల్దేరిన నీళ్లు గన్నవరంలో నదిని దాటి తన చేను దాకా వచ్చాయో లేదో తెలిసినవాడు ఆ రైతే.